అవతలి తలుపు

తాండూరు
ప్రియమైన ముస్కాన్ ఫుప్పూకు,

సలాం. ఫోన్ చేద్దామంటే ఇంటి పక్కనే మా అబ్బా నడిపే నాపరాళ్ల పాలిష్ మెషీన్ మోత. అందుకే ఈ ఉత్తరం. నా మెడ ముందు వాపు వచ్చింది. డాక్టర్ థైరాయిడ్ అన్నారు. అమ్మీ ఆ రోజే ఇంట్లో ఉప్పు మార్చేసి అయోడిన్ ఉప్పు తెచ్చింది. నా బాధ వేరే. పరుగుపందెంలో మళ్లీ మూడో స్థానం. "ఈల ఊదినంక జర నిలబడి చూస్తవేందే? గింత పొగరా?" అని పీఈటీ సారు అందరి ముందూ తిట్టాడు. జిల్లా జట్టుకు ఇంకొక్క ఎంపిక పందెమే మిగిలింది. నువ్వు కాలేజీలో జీవశాస్త్రం చెబుతావు కదా, ఈ థైరాయిడ్ నా కాళ్లను పట్టుకుంటోందా?

నీ మొండి అతియా

వికారాబాద్
మా అన్న ముద్దులబిడ్డ అతియాకు,

తప్పు ఉప్పుది కాకపోవచ్చు, కాళ్లదీ కాకపోవచ్చు. థైరాయిడ్ కణానికి రెండు వైపులా తలుపులున్నాయనుకో. రక్తంలోని అయోడైడ్ ఒకవైపు నుంచి సోడియంతో కలిసి లోపలికి వస్తుంది. హార్మోను తయారయ్యేది మాత్రం అవతలి వైపు. అక్కడి తలుపు క్లోరైడ్‌ను లోపలికి తీసుకుని అయోడైడ్‌ను బయటికి పంపుతుంది. అది బిగుసుకుపోతే పని సాగక గ్రంథి ఉబ్బవచ్చు. అలాంటి తలుపే లోచెవిలోనూ ఉంది! నీ సంగతి అదేనని చెప్పను. మెషీన్ ఆగాక గోడవైపు తిరిగి నిలబడు. అబ్బాను వెనక నుంచి మామూలుగా పిలవమను.

ప్రేమతో, ఫికర్‌తో, నీ ఫుప్పూ

తాండూరు
ప్రియమైన ఫుప్పూ,

గోడ మీద బల్లిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. "ఇంకెప్పుడు పిలుస్తావ్?" అని తిరిగేసరికి అబ్బా నేలమీద కూలబడి ఉన్నాడు. పిలుస్తూనే ఉన్నాడట! మెషీన్ మోతకు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు. ఎదురుగా వచ్చి, చేతులూపి, మొహంలోకి అరుస్తాం. నేను పెదవులు చూసి మాట పట్టుకుంటున్నానని ఎవరికీ తెలియలేదు, నాక్కూడా. పందెంలోనూ అంతే, పక్కపిల్లలు కదిలాకే నేను కదులుతాను. రేపు పెద్ద డాక్టర్ దగ్గరికి పోతున్నాం. అమ్మీ ఒకటే ఏడుపు. నాకైతే పొగరు లేదని తేలినందుకు మస్తు ఖుషీ!

పొగరు లేని అతియా

వికారాబాద్
నా తల్లి అతియాకు,

ఏడ్చింది మీ అమ్మీ ఒక్కతే కాదులే. చెవికి మిషన్ ఇస్తే జుట్టు కింద దాచకు, దర్జాగా పెట్టుకో. ఎంపిక సంగతి వెంటనే రాయి.

నీ ఫుప్పూ

తాండూరు
ప్రియమైన ఫుప్పూ,

పరీక్షలన్నీ చేసి, నువ్వన్న తలుపే అని తేల్చారు. మెడకు మాత్ర, చెవులకు మిషన్లు. తలకు దెబ్బ తగిలితే వినికిడి ఇంకా తగ్గొచ్చట, అలాంటి ఆటలు వద్దన్నారు, పరుగు సరేనన్నారు. నిన్న ఎంపిక పందెంలో ఈలతో పాటే లేచి ఉరికాను. మొదటి స్థానం! సారే నా దగ్గరికొచ్చి, "మాఫ్ చెయ్యి బిడ్డా, నాకు సమజ్ కాలే" అన్నాడు.

ఇంటికొస్తే అబ్బా పక్కన కూర్చుని, "గెల్చినవా బేటీ?" అని నెమ్మదిగా అడిగాడు. ఇన్నాళ్లూ అబ్బాది అరిచే గొంతే అనుకున్నాను. ఎంత మెత్తగా ఉందో ఫుప్పూ! వినపడలేదని అబద్ధమాడి, మళ్లీ అడిగించుకున్నాను.

జిల్లా జట్టు అతియా