ముడి పడని నెత్తురు

సురేశ్ నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన కొడుకు సురేశ్‌కి పద్దెనిమిదేళ్లు నిండాయని పిల్లల డాక్టరు పెద్దాస్పత్రికి పంపాడు. అక్కడ నన్ను తెరిచి ఉన్న తలుపు బయటే ఆపేశారు. వాడిది నెత్తురు గడ్డకట్టని జబ్బని తెలియని నర్సు తుంటికి సూది ఎత్తింది. అది కండలో దిగితే లోపల నెత్తురు ఆగదు. అరవబోయాను.

వాడే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగక్కా! సాంచ మీద పోగు తెగితే ముడేస్తం. నా నెత్తురుకు ముడి పడదు. ముందుగాల డాక్టర్‌ను పిలువు.”

పద్మనగర్ షెడ్డులో సాంచ, అదే మరమగ్గం, నడుపుతూ వాడి గురించి నువ్వు అందరికీ చెప్పిన మాటే.

మనం పొట్టకూటికొచ్చిన ఈ పరాయి రాష్ట్రంలోనూ నర్సు మన తెలుగామే. సూది పక్కన పెట్టి, “గిట్ల ఎవరు చెప్పిండ్రు నీకు?” అంది.

“మా నాయిన చెప్తడు.”

‘చెప్పేటోడు’ అని దిద్దబోయాను. దిద్దలేదు.