పిడి అడుగున నంబరు

గ్వెల్ఫ్

కోదండరామ్ అంకుల్ గారికి,
శ్యామల నమస్కారాలు. ఈ మాట ఫోన్లో అనడానికి భయమేసి కాగితం తీశాను. మాకు ఇల్లు అమ్మిన పెద్దాయన బేస్‌మెంట్‌లో వదిలేసిన టూల్ బాక్స్‌లో రివాల్వర్ దొరికింది! వచ్చే నెలే మా కెనడా సిటిజన్‌షిప్ ఓత్. లైసెన్స్ లేని తుపాకీతో దొరికితే మా గతేంటి? మీరు పాత తుపాకులు కలెక్ట్ చేస్తారుగా, కాస్త చెప్పండి. ఫోటో పెట్టాను. తూటాలు పెట్టే చక్రం పక్కకి తీస్తే లోపల 412 అని ఉంది.
మీ శ్యామల
తా.క. తూటాలు లేవు. మా ఆయన చూసి చెప్పారు, కళ్ళు మూసుకుని.

మార్కమ్

చి. శ్యామలకు ఆశీస్సులు.
ముందు కాఫీ తాగు. 412 సీరియల్ నంబరు కాదమ్మా. ఫ్యాక్టరీలో విడిభాగాలు కలిసిపోకుండా వేసుకున్న గుర్తు. అసలు నంబరు పిడి అడుగున ఉంటుంది. అది చెబితే ఏ ఏడాదిదో చెప్పేస్తాను. 1898కి ముందుదై, తూటా రకం కూడా సరిపోతే యాంటిక్ కింద లెక్క. లైసెన్స్ అక్కర్లేదు.
కోదండరామ్
తా.క. ఇదే మోడల్ నా దగ్గరా ఉంది, నంబరే లేనిది! ఎంత అరుదో మా క్లబ్బులో ఎవర్నైనా అడుగు.

గ్వెల్ఫ్

అంకుల్ గారూ,
పిడి అడుగున నంబరు లేదు! ఎర్రగా ఏదో గట్టిగా పట్టేసింది, తుప్పేమో. ఇదీ మీదానిలాగే అరుదైనదా?
కంగారులో, శ్యామల
తా.క. మా అత్తగారు శాంతమ్మగారికి ఇంకా చెప్పలేదు. తట్టుకోలేరు.

మార్కమ్

అమ్మాయ్,
నాది ఫ్యాక్టరీలోనే అలా పుట్టింది. నీదాని నంబరు ఎవడో గీకేశాడు! అలాంటిది ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ముట్టుకోకు. లాయర్‌తో మాట్లాడు. అత్తగారికీ చెప్పెయ్.
కోదండరామ్
తా.క. ఓత్‌కి కొన్న చీర రిటర్న్ తీసుకుంటారేమో కనుక్కో.

గ్వెల్ఫ్

అంకుల్ గారూ,
బతికిపోయాం! అత్తగారికి చెబితే, "ఆ పాత డ్రిల్లా? దసరాకి ఆయుధపూజలో దానికీ గంధం రాసి బొట్టు పెట్టాగా" అన్నారు. తడిగుడ్డతో తుడిస్తే 18267 బయటపడింది. ఏ ఏడాదిదో త్వరగా రాయండి. ధైర్యం చేసి చీరకి ఫాల్ కుడుతున్నాను.
మీ శ్యామల
తా.క. మీ ఇంట్లో చంద్రిక ఆంటీ కూడా ఆయుధపూజ చేస్తారా?

మార్కమ్

చి. శ్యామలకు,
18267 అంటే 1891. తూటా రకం కూడా సరిపోయింది. నికార్సైన యాంటిక్! నా గుండెల మీద బరువు దిగిపోయిందమ్మా. హాయిగా ఓత్ తీసుకో, మీ ఆంటీ నేనూ వస్తున్నాం.
కోదండరామ్
తా.క. చేస్తుందట. ఏటా. అడగ్గానే తడిగుడ్డ చేతికిచ్చింది. నాదాని నంబరు 18268. క్లబ్బులో ఏం చెప్పుకోవాలో తెలీదు గానీ, నూట ముప్పై ఏళ్ళకి తోబుట్టువులు కలిశాయి. వచ్చే దసరాకి నీదాన్నీ ఇక్కడికే తీసుకురా. బొట్టు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తాను.