నీళ్ల గోలీ

మార్చి 2, సోమవారం
నీళ్ల గోలీ ఇవాళ కూడా మింగలేదు. మహేశ్ తన చేత్తో ఇచ్చాడు. వాడి ముందే నోట్లో వేసుకున్నాను, వాడు చెప్పులు తొడుక్కునేలోపు కొంగులోకి ఉమ్మేశాను. కన్నకొడుకును మోసం చేయడం ఇంత తేలికని తెలియదు.

ఏం చేయను? మింగితే ఒంట్లో చేరిన నీరంతా దిగుతుంది, పొద్దంతా బాత్రూంకు తిరగడమే. లాడ్ బజార్‌లో మా గాజుల కొట్టు ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. అందులో బాత్రూం ఎక్కడిది?

మార్చి 4
మిగతా గోలీలు బుద్ధిగానే వేసుకుంటాను. వాటిలో ఒకటి షుగర్ వాళ్లదట, ఇప్పుడు గుండె బలహీనపడ్డవాళ్లకూ ఇస్తున్నారట. నాకు షుగర్ లేదు. అయినా కోడలు నా చాయ్‌లో చక్కెర బంద్ పెట్టింది. "అది గుండెకే" అంటే వినదు. "ఎందుకైనా మంచిది అత్తమ్మా!"

పోయిన ఏడాది నాలుగు మెట్లెక్కలేకపోయాను. ఈ మందుల వల్లే మళ్లీ కొట్టుకు పోగలుగుతున్నాను. ఆ మాట ఒప్పుకోవాలి.

మార్చి 7, శనివారం
రంజాన్ బేరాలు. ఊపిరాడనివ్వరు. పక్క కొట్టు సుల్తానా ఆపా రోజా ఉంది, ఉపవాసం. బాత్రూం భయానికి నేనూ పొద్దటి నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. "క్యా అమ్మా, తుమ్ భీ రోజా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెకైనా చెప్పుకోవచ్చు... సిగ్గు.

మార్చి 10
కాళ్లు వాచి పట్టీలు బిగుసుకున్నాయి. పడుకుంటే దగ్గు.

మార్చి 12, గురువారం
ఆసుపత్రి. డాక్టర్ కాలు నొక్కాడు, గుంట పడింది.

"గోలీలన్నీ రోజూ ఏసుకుంటున్నరా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మహేశ్ — "నేనే ఇస్తున్న సార్. ఒక్క రోజు గూడ తప్పలే."

ఎంత గొప్పగా చెప్పాడో! అక్కడ నిజం చెబితే వాడి ముఖం ఏమైపోతుంది? కొట్టు తాళాలు ఆ పూటే లాక్కుంటాడు. ఎప్పటి నుంచో అదే పాట — "ఇంట్ల కూసో అమ్మా, చేసింది చాలు." ఆయన పోయాక నన్ను నిలబెట్టింది ఆ కొట్టు. అది లేకపోతే నాకు ఊపిరి ఎందుకు?

మందులు సరిపోవడం లేదట. ఛాతీలో చిన్న మెషిన్ పెట్టాలట, గుండె రెండు పక్కలా ఒకేసారి కొట్టుకునేలా చేస్తుందట.

మార్చి 13
"మస్తు కొత్త మెషిన్ అమ్మా, ఫికర్ చెయ్యకు." మహేశ్ ఫోన్లో దాని బొమ్మ చూపించాడు. వాడి కళ్లలో ఆశ చూడలేకపోయాను. నేను ఉమ్మేసిన గోలీకి నా ఛాతీ కోస్తారు. భయంగా ఉంది.

మార్చి 16, సోమవారం
మళ్లీ ఆసుపత్రి. మహేశ్ కింద రిపోర్టుల కోసం నిలబడ్డాడు. గదిలో నేనూ డాక్టరూ. చెప్పేయాలనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. అడిగింది వేరే.

"మెషిన్ పెట్టినంక నీళ్ల గోలీ బంద్ అయితదా సార్?"

"బంద్ కాదమ్మా. అది ఉంటది."

రాస్తున్నవాడు ఆగి నా వైపు చూశాడు. "ఎందుకు, ఆ గోలీతోని ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?"

మహేశ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు, రిపోర్టులు పట్టుకుని, చెమటలు కక్కుతూ.

"ఏం లేదు సార్" అన్నాను.

శుక్రవారం పెడతారట.