పటంలో ఎర్రరంగు

బావగారికి,

ఏ ప్రాంతంలో నూటికి ఎంతమంది డిగ్రీ పూర్తిచేశారో రంగుల్లో చూపే పటం గీసి పంపాను. మీరు అధికారం వెలగబెడుతున్న ప్రాంతం అడుగున పడి ఎర్రగా వచ్చింది. "గీసినవాడికి బుర్రుందా?" అన్నారట, అక్క చెప్పింది.

డిగ్రీ మధ్యలో మానేసిన పిల్లల పేర్లు కాలేజీ రిజిస్టరులో మీరే కొట్టేసి, మిగిలినవాళ్లనే లెక్కపెట్టమని పటం తిప్పి పంపారు. అలాగే చేశాను. నూటికి తొంభై ఎనిమిది! ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాను గానీ, మద్దెలనే అవతల పారేసినవారు మీరొక్కరే.

ఇప్పుడు మీ ప్రాంతం పచ్చగా ఉంది. గోడకి తగిలించుకోండి.

కొట్టేసిన పేర్లలో పదకొండోది మీ పెద్దమ్మాయిది. మీ చేత్తోనే కొట్టేశారు. ఇవాళ భోజనాల దగ్గర దానికి కంచం పెట్టాలో వద్దో అక్కకి కాస్త చెప్పండి.

ఇట్లు,
బుర్ర లేని మీ బావమరిది