కరెంటు పోలేదు

శనివారం, రాత్రి

గీజరు వాల్వు నుంచి నీళ్లు కారి అత్తయ్య జారిపడతారని, ఈయన దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించేశారు. సాయంత్రం లోపల నుంచి ఒకటే బుస. ప్లంబరుకి ఫోన్ చేశాను. "ఓలమ్మా, ప్రెజరు పోయే దారే అది! పేలిపోద్ది. స్విచ్చెయ్యకండి, రేపొచ్చి సూత్తాను" అన్నాడు.

"ఆడు అలాగే బెదిరిస్తాడు" అన్నారు ఈయన.

పొద్దున్న గీజరు వెయ్యొద్దంటే, "సన్నీళ్లు పోసి నన్ను సంపీస్తావేటే?" అన్నారు అత్తయ్య. తెల్లారకుండా లేచి తనే స్విచ్ వేసుకుంటారు. ట్యూబు ముడి విప్పడం నా వల్ల కాలేదు.

ఇంకేమీ తోచక ఇంటి మెయిన్ స్విచ్ కట్టేశాను. ఫ్యాను ఆగగానే ఈయన లేచి, "కరెంటు పోయిందేటి?" అన్నారు. అవునన్నాను. ఫోన్ వెలుగులో ఇది రాస్తున్నాను. ఎదురింటి వరండాలో లైటు వెలుగుతూనే ఉంది. ఈయన కిటికీ వైపు తిరిగితే...