దర్జీ కుట్టిన పట్టీలు

ఆదివారం, గరాచర్మ

స్కైడైవింగ్ క్యాంపు వాళ్ళు తనిఖీ చేయమని ఇచ్చిన పారాచూట్‌ని ఇవాళ గట్టిగా లాగితే, భుజం పట్టీ కుట్టు ఊడి చేతికొచ్చింది. బట్టలు కుట్టే మామూలు దారం, ఉప్పుగాలికి చివికిపోయింది.

ఆ కుట్లు డైరీ ఫార్మ్ పేటలో దర్జీ చేత వేయించానని క్యాంపు ఓనర్ చెబితే సాయంత్రం అక్కడికి వెళ్ళాను. "అన్నీ నేనే కుట్టాను దీదీ. స్కూలు బ్యాగుల పట్టీలనుకున్నా" అన్నాడు ముసలాయన, సంబరంగా.

మిగతా పారాచూట్లు అప్పటికే హేవ్‌లాక్ దీవికి బోటెక్కేశాయి. రేపు పొద్దున్నే క్యాంపుకొచ్చినవాళ్ళు వాటితో దూకుతారు. ఆపమని ఓనర్‌కి ఫోన్ చేస్తే, "కంగారెందుకు, రెండో పారాచూట్ ఉందిగా" అని పెట్టేశాడు. రెండూ ఆ పట్టీలకే వేలాడతాయి. ఆ వెధవకి అదీ తెలీదు.

అక్కడ దూకించే సునీల్ భయ్యాకి మెసేజ్ పెట్టాను. నెట్‌వర్క్ లేదేమో, ఇంకా ఒక్క టిక్కే ఉంది. తెల్లారి మొదటి బోటెక్కుతాను. అది చేరేసరికి వాళ్ళు గాల్లో ఉంటారు.