మీరు ఆ మాట అన్న తేదీ

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడు మన సంధ్య కాలేజీ వ్యాసంలో మీ మాట రాసింది. టౌరంగా ఊరి తోటలో కివీ పళ్ళ తీగలు కత్తిరించి వచ్చి, "పోయినేటి తీగను కొట్టేస్తే ఈ ఏడు కాయ ఉండదు" అన్నారే, అది. మాట ఎవరిదో, ఏ రోజు అన్నారో పక్కనే రాయాలట.

"డేట్ గుర్తుందా అమ్మా?"

"తేదీ తెలీదే. తొలి ఏకాదశి. నేను ఉపవాసం, మీ నాన్నే వడ్డించుకున్నారు."

దేవుడి గదిలోని నిరుటి క్యాలెండర్ తెచ్చి, చూసి తేదీ వేసింది. చివరి పేజీలో ఆధారాల జాబితా ఉంటే, అందులో మీ పేరు వెతికాను.

"అక్కడ నాన్న పేరు పెట్టకూడదమ్మా. చదివేవాళ్ళు వెళ్ళి చూసుకోగలిగినవే పెట్టాలి" అంది నెమ్మదిగా.

ఆ క్యాలెండర్ తీసేద్దామని సంవత్సరీకం రోజే అనుకున్నాను. మళ్ళీ అదే మేకుకు తగిలించాను.